గ్రామ ప్రణాళిక: చిత్తుప్రతి నుండి తీర్మానము వరకు



మన సంఘమున నొక సభ్యుడు అప్పు కోరినప్పుడు ఏమి జరుగునో మీరందరు నెరుగుదురు. ఆతడు నోటితో నడిగినంత మాత్రమున రొక్కము చేతికి రాదు. దరఖాస్తు వ్రాయవలయును, పాలకవర్గము దానిని విచారింపవలయును, తీర్మానము పుస్తకమున కెక్కవలయును. అటుపిమ్మటనే పెట్టె తెరువబడును. ఈ క్రమము మన సొమ్మును కాపాడుచున్నదని యెరుగుదుము గనుక దానియందు మనకు ఆక్షేపణ లేదు. కాని గ్రామమంతటికి సంబంధించిన ప్రణాళిక విషయమున మాత్రము ఈ వివేకమును మరచుచున్నాము. పదిమంది రచ్చబండపై కూర్చుండి మాటలాడుకొన్నదియే ప్రణాళిక యనియు, దానిని కాగితముపై నెక్కించినచో పని ముగిసినదనియు తలంచుచున్నాము.

చిత్తుప్రతి ప్రణాళిక కాదు. అది ఊరివారికి చదివి వినిపింపబడి, ఆక్షేపణలకు సమాధానము పొంది, గ్రామసభ యామోదించి, పంచాయతీ తీర్మానము చేసిన దినముననే ప్రణాళిక యగును. ఈ తుది మెట్ల నెట్లు ఎక్కవలయునో తెలుపుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

ఒక గ్రామమున జరిగినది

నేను వ్యవసాయ ప్రదర్శకుడనుగా పనిచేసిన గ్రామములలో నొకటి మెట్టప్రాంతమున నున్నది. దాని పేరు చెప్పుట యనవసరము. అట్టి గ్రామములు మన జిల్లాలలో ననేకములు కలవు. ఆ యూరికి 80 ఎకరముల ఆయకట్టు గల చెరువొకటి యున్నది. వాగునుండి ఆ చెరువునకు నీరు తెచ్చు కాలువ సుమారు రెండు కిలోమీటర్ల పొడవు గలది. ఆ కాలువ యొండ్రుతో పూడిపోయెను. సర్కారు తుమ్మ దట్టముగా మొలచెను. రెండు ప్రక్కల భూములవారు ఏటేట దున్నునప్పుడు గట్లను కొంచెము కొంచెముగా లోపలికి జరిపిరి. అందువలన చెరువు నిండుట మానెను. చివరి భూములకు మూడేండ్లు నీరందలేదు.

ఊరిలోని కొందరు యువకులు మన సంఘ సభ్యుల తోడ్పాటుతో రెండు నెలలు ఇంటింటికి తిరిగి అవసరములను విచారించి, పదునాలుగు పుటల కాగితము నొకదానిని సిద్ధముచేసిరి. అందు మొదటి పని కాలువ బాగుచేయుట. ఆ కాగితమును పంచాయతీ కార్యాలయమున నిచ్చి, అందరును కూడి ఫొటో తీయించుకొని, సంతోషముతో ఇండ్లకు పోయిరి. నేనును వారితో కూడ నిలువబడితిని. ఈ తప్పులో నాకును భాగము కలదని మొదటనే ఒప్పుకొనుచున్నాను.

తరువాత గ్రామసభ జరిగెను. అది వేరుశనగ పీకు దినములలో జరిగినందున రైతులు చేలయందుండిరి, వచ్చినవారు కొలదిమంది. ఆ దినమున పుస్తకమున వ్రాయబడిన పనులు నాలుగు: మురుగు కాలువలు, సిమెంటు బాట, వీధిదీపములు, కార్యాలయపు మరమ్మతు. చెరువు కాలువ మాట అందు లేదు. మన పదునాలుగు పుటలు బీరువాలో భద్రముగా నుండెను. పిమ్మట యువకులు పోయి యడుగగా, అక్కడి యుద్యోగి, “ఈ పుస్తకమున లేనిదానికి నేను బిల్లు వ్రాయజాలను” అనెను. ఆ మాట కఠినమైనను అబద్ధము కాదు.

ఆ యేట కార్తికమాసమున తుపాను వానలు కురిసెను. వాగు రెండు దినములు నిండుగా పారి నదిలో కలిసెను. చెరువులోనికి చెప్పుకొనదగినంత నీరు రాలేదు. చెరువు చివర రెండెకరములు గల యొక ముసలితల్లి జొన్న యెండిపోయెను. ఆమె నన్ను చూచి కోపపడలేదు. “బిడ్డ పుట్టెను గాని పేరు పెట్టుట మరచితిరి నాయనా” అనెను. నేను చదివిన యే గ్రంథమును ఈ విషయమును ఇంత స్పష్టముగా చెప్పలేదు. ఆ మరుసటి సంవత్సరము మేము మరల మొదటినుండి చేసిన పనిని, అందు నేర్చుకొన్న సంగతులను క్రింద వివరించుచున్నాను.

1. ఈ యధికార మెచ్చటిది?

గ్రామ ప్రణాళిక యొకరి దయవలన లభించునది కాదు. 1992 సంవత్సరపు 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చెను. దానివలన రాజ్యాంగమున చేరిన 243-జి అధికరణము, ఆర్థికాభివృద్ధికిని సాంఘిక న్యాయమునకును ప్రణాళికలు తయారుచేయు అధికారమును పంచాయతీలకు చట్టము ద్వారా ఈయవచ్చునని చెప్పుచున్నది. పంచాయతీల కప్పగింపదగిన 29 విషయములు పదునొకండవ షెడ్యూలులో గలవు. అందు మొదటిది వ్యవసాయము. రెండవది భూమి యభివృద్ధి, నేల సంరక్షణ మున్నగునవి. మూడవది చిన్ననీటి వనరులు, నీటి యాజమాన్యము. అనగా రైతు పనులే ఆ జాబితాకు ముందున నున్నవి.

ఆంధ్రప్రదేశ్‌లో 1994 సంవత్సరపు పంచాయతీరాజ్ చట్టమును, తెలంగాణలో 2018 సంవత్సరపు పంచాయతీరాజ్ చట్టమును గ్రామసభకు స్థానము కల్పించినవి. గ్రామసభ యనగా సర్పంచియు వార్డు సభ్యులును కాదు. ఊరి ఓటర్ల జాబితాలో పేరుగల ప్రతి మనుష్యుడును, ప్రతి స్త్రీయును దాని సభ్యులే. భూమి లేని కూలివానికిని పదెకరముల రైతునకును అక్కడ నొక్కొక్క మాటయే. షెడ్యూల్డు ప్రాంతములలో 1996 సంవత్సరపు ప్రత్యేక చట్టము ఇంకను ముందుకు పోయి, ఊరిలో ప్రణాళికలను, పనులను పంచాయతీ చేపట్టుటకు పూర్వము గ్రామసభ వానిని ఆమోదింపవలయునని నిర్బంధించినది.

2018 అక్టోబరు 2వ తేదీ మొదలు డిసెంబరు 31వ తేదీ వరకు దేశమంతట గ్రామ ప్రణాళికల తయారీకి ప్రజా ప్రచారము జరుపబడెను. ఇట్టి ప్రచారములవలన ప్రణాళిక యను మాట ఊరూర వినబడినది. మాట వినబడుట వేరు, పుస్తకమున కెక్కుట వేరు.

2. కోరికను పనిగా మార్చుట

కేరళ రాష్ట్రమున 1996లో ప్రజా ప్రణాళికోద్యమము ప్రారంభమైనప్పుడు, రాష్ట్ర ప్రణాళికా వ్యయములో నూటికి 35 మొదలు 40 వంతుల వరకు స్థానిక సంస్థలకు విడుచుటకు నిశ్చయింపబడెను. అక్కడివారు గ్రామసభలలో జనులు చెప్పిన కోరికలను వినినంతటితో ఆగలేదు. వానిని అభివృద్ధి సదస్సులలో చర్చించిరి. పిమ్మట చిన్న చిన్న కార్యదళములు ఒక్కొక్క కోరికను కొలతలతోను ఖర్చుతోను కూడిన పనిగా వ్రాసినవి. ఆ తరువాతనే పంచాయతీలు వానిని స్వీకరించినవి. కోరికకును తీర్మానమునకును నడుమ ఈ మెట్టు అవశ్యము. దీనిని దాటిపోయిన ప్రణాళిక కాలుజారును.

మా మొదటి కాగితమున “చెరువు కాలువను బాగుచేయవలయును” అని యొక్క వాక్యమే యుండెను. ఎచ్చటినుండి ఎచ్చటికి? ఎంత వెడల్పు? ఏ సర్వే నంబర్ల ప్రక్కన? ఈ ప్రశ్నలకు జవాబు లేనిచో ఇంజనీరు అంచనా వేయజాలడు. రెండవసారి ప్రతి పనికిని ఆరు గడులు గల పట్టిక వ్రాసితిమి.

మొదటి గడి, పని జరుగు స్థలము, కొలతలు.
రెండవది, దానివలన ఎవరికి, ఎంత ప్రయోజనము.
మూడవది, ఉజ్జాయింపు ఖర్చు.
నాల్గవది, ఆ యాస్తి ఎవరి యధీనము: పంచాయతీదా, నీటిపారుదల శాఖదా, మరియొక శాఖదా.
ఐదవది, డబ్బు ఏ పద్దునుండి రావలయును.
ఆరవది, పని ముగిసిన పిమ్మట దానిని కాపాడువారెవరు.

నాల్గవ గడిని నిర్లక్ష్యము చేయరాదు. చెరువు మన ఊరిలో నున్నను అది పంచాయతీ యధీనము కాకపోవచ్చును. ఇతర శాఖకు చెందిన చెరువుపై పంచాయతీ తానుగా ఖర్చు వ్రాసికొన్నచో తనిఖీ కాలమున చిక్కు వచ్చును. అట్టిచో పంచాయతీ తీర్మానమును ఆ శాఖకు పంపి, ఆ శాఖచే పని చేయించుటయో, అనుమతి పొంది చేయుటయో జరుగవలయును.

రెండవ గడిని అంకెలతో నింపుడు. మేము చేసిన లెక్క యిది. వాగు ఆ కాలువకు నీరిచ్చు పల్లపు భూమి సుమారు 500 ఎకరములు. ఒక్క గట్టివానలో 5 సెంటీమీటర్లు కురిసి, అందు అయిదవ వంతు మాత్రమే పారి వచ్చుననుకొందము. ఈ వంతు నేలనుబట్టి, వాలునుబట్టి మారును. లెక్క కొరకు తీసికొన్నది. అప్పుడు 500 ఎకరములపై నొక సెంటీమీటరు లోతు నీరు కాలువకు వచ్చును. ఒక యెకరముపై నొక సెంటీమీటరు నీరనగా రమారమి 40,000 లీటర్లు. మొత్తము 2 కోట్ల లీటర్లు. దానిని 80 ఎకరముల ఆయకట్టుకు పంచినచో, ఇంకుటయు ఆవిరియగుటయు విడిచి చూడగా, ఆరు సెంటీమీటర్ల లోతు నీరగును. ఆరుతడి పైరునకు అది యొక మంచి తడి. ఒక్క వానను కాలువలోనికి మరల్చినచో ఆయకట్టంతటికి నొక తడి వచ్చునన్న మాట. ఈ లెక్కను నల్లబల్లపై వ్రాసిన దినముననే, అంతవరకు “కాలువతో మాకేమి పని” అన్నవారు దగ్గరకు జరిగి కూర్చుండిరి.

3. డబ్బు సంచులను వేరుచేయుట

ప్రణాళికలో పనులు ముప్పది యుండవచ్చును. డబ్బు మూడింటికే చాలును. కావున వచ్చు సొమ్మెంతయో మొదట తెలిసికొనవలయును. పంచాయతీ సెక్రటరీ నడిగి, ఇంటిపన్ను మున్నగు సొంత యాదాయమెంత, ఆర్థిక సంఘపు నిధులెంత, ఇతర శాఖలనుండి రాదగినదెంత యని మూడు వరుసలుగా వ్రాసికొనుడు.

పదునైదవ ఆర్థిక సంఘము 2021-26 కాలమునకు గ్రామీణ స్థానిక సంస్థల కిచ్చిన నిధులలో నూటికి 60 వంతులు షరతులు గలవి: 30 వంతులు త్రాగునీరు, వాననీటి నిలువ, నీటి పునర్వినియోగమునకు, 30 వంతులు పారిశుద్ధ్యమునకు. తక్కిన 40 వంతులు స్థానికావసరములకు వాడుకొనవచ్చును గాని జీతములకును కార్యాలయపు ఖర్చులకును వాడరాదు. ఉదాహరణకు ఆ కాలమున నొక పంచాయతీకి 10 లక్షలు వచ్చెననుకొందము. 3 లక్షలు నీటికి, 3 లక్షలు పారిశుద్ధ్యమునకు పోగా, గ్రామము స్వేచ్ఛగా నిర్ణయింపగలిగినది 4 లక్షలు మాత్రమే. ఆర్థిక సంఘము మారినప్పుడు ఈ వంతులు మారవచ్చును. కావున మీ ప్రణాళిక యే సంవత్సరమునకో ఆ సంవత్సరపు నిబంధననే యడిగి తెలిసికొనుడు.

ఈ వివరము తెలిసినచో సగము జగడములు తీరును. మా గ్రామమున హరిజనవాడ స్త్రీలు, “మాకు త్రాగుటకు నీరు లేదు, మీరు చెరువు మాట యేల యెత్తెదరు?” అనిరి. ఆయకట్టు రైతులు, “పైపులకే డబ్బంతయు పోయినచో చేలు ఏమి కావలయును?” అనిరి. రెండు పక్షములవారును తమ పని రెండవవారి పనిని మ్రింగునని భయపడిరి. సంచులను వేరుచేసి చూపగా, పైపు పనికి డబ్బు త్రాగునీటి సంచినుండి వచ్చుననియు, కాలువ పనికి ఆ సంచిలో చేయి పెట్ట వీలులేదనియు తేలెను. అటుపిమ్మట రెండు పక్షములును ఒకరి పని నొకరు బలపరచిరి. లేమివలన పుట్టిన కలహములు కొన్ని గలవు. తెలియమివలన పుట్టినవి అంతకంటె నెక్కువ.

4. చదివి వినిపించుట, ఆక్షేపణల పుస్తకము

నేను బాలుడనై మిషను బడిలో చదువుకొను కాలమున, మా ఉపాధ్యాయుడు డిక్టేషను వ్రాయించిన పిమ్మట ప్రతి బాలుని నిలువబెట్టి, వ్రాసినదానిని బిగ్గరగా చదివించెడివాడు. “చదివి వినిపింపనిదే వ్రాత ముగియదు” అనునది ఆయన నియమము. కంటికి కనబడని తప్పు చెవికి వినబడునని అప్పుడు తెలిసికొంటిని. చిత్తుప్రతికిని ఇదియే నియమము.

గ్రామసభకు కనీసము పదునైదు దినములు ముందుగా చిత్తుప్రతిని ఊరిలో మూడుచోట్ల చదువుడు: చెరువుగట్టున ఆయకట్టుదారులకు, పొదుపు సంఘముల స్త్రీలకు వారికి వీలగు వేళ, కూలిజనులకు వారి వాడయందే, ప్రొద్దుగూకిన తరువాత. పిలిచిన చోటికి వారు రాలేదని నిందింపక, వారున్న చోటికి మనమే పోవలయును.

ఒక పుస్తకమున ఆక్షేపణలను వ్రాసికొనుడు. నంబరు, చెప్పినవారి పేరు, చెప్పిన మాట, మన సమాధానము, దానివలన చిత్తుప్రతిలో జరిగిన మార్పు అను అయిదు గడులు చాలును. ఆక్షేపించువానిని శత్రువుగా నెంచరాదు. సభకు పూర్వము చెప్పబడిన ఆక్షేపణ మందువంటిది. సభలో హఠాత్తుగా లేచినది మంటవంటిది. పని మొదలైన పిమ్మట వచ్చినది కోర్టు కాగితమువంటిది.

మాకు వచ్చిన పెద్ద యాక్షేపణ కాలువ ప్రక్క భూములవారిది. వారు అయిదుగురు. గట్టు జరిపితిమని వారు ఒప్పుకొనలేదు. అది తాతలనాటి గట్టే యనిరి. వారిని పదిమందిలో దోషులుగా నిలువబెట్టి యుండినచో పని అక్కడనే ఆగియుండెడిది. అట్లు చేయక మూడు మాటలు చిత్తుప్రతిలో చేర్చితిమి. ఒకటి, సర్వేయరు కొలిచి రాళ్లు పాతిన పిమ్మటనే హద్దు నిర్ణయము. రెండు, నిలిచియున్న పైరును కోసికొనువరకు త్రవ్వరాదు. మూడు, త్రవ్విన యొండ్రును మొదట ఆ ప్రక్క రైతులే కోరినంత తమ చేలకు తోలుకొనవచ్చును. చెరువు మట్టి, కాలువ యొండ్రు మెట్టచేలకు బలమని రైతులకు వేరుగ చెప్ప నక్కరలేదు. ఈ మూడు మాటలతో నలుగురు సమ్మతించిరి. అయిదవ యాతడు సమ్మతింపలేదు. ఆతని యాక్షేపణను యథాతథముగా పుస్తకమున వ్రాసి, సమాధానమును వ్రాసితిమి. అందరి సమ్మతి దొరకువరకు ఆగినచో ఏ పనియు జరుగదు. ఒక్కని మాటను దాచిపెట్టినచో జరిగిన పని నిలువదు.

5. గ్రామసభ దినమున

తేదీ నిర్ణయమునందే సగము పని యున్నది. నాట్లు, కలుపు, కోత దినములలో సభ పెట్టరాదు. చట్టము ప్రకారము జరుగవలసిన సభ తేదీ పంటపనులతో తగులుకొన్నచో, వేళనైనను మార్చుడని ముందుగనే సర్పంచికి వ్రాతమూలకముగా విన్నవింపుడు. దండోరా వేయింపుడు, నోటీసును రచ్చబండయొద్ద, బడియొద్ద, సంఘ కార్యాలయమున నంటింపుడు. నోటీసులో “గ్రామ ప్రణాళిక ఆమోదము” అను విషయము స్పష్టముగా నుండవలయును. “ఇతర విషయములు” అను మాటక్రింద ప్రణాళికను తెచ్చుట సరికాదు.

సభకు హాజరు కావలసిన కనీస సంఖ్య నడిగి తెలిసికొనుడు. తెలంగాణ చట్టమున ఈ సంఖ్య ఊరి ఓటర్ల సంఖ్యనుబట్టి నిర్ణయింపబడినది. కోరము చాలని సభలో చేసిన తీర్మానము ఇసుకపై గట్టువంటిది. మన సంఘ సభ్యులు ఒక్కొక్కరు తమ వీధినుండి అయిదుగురిని, అందు ఇద్దరు స్త్రీలను, తోడ్కొని వచ్చు పూచీ వహించినచో కోరమునకు లోటుండదు.

సభలో పనులను ఒక్కొక్కటిగా చదివి, ఒక్కొక్కదానికి సమ్మతి నడుగవలయును. మొత్తము జాబితాను ఒక్క ఊపున చదివి చప్పట్లతో ముగించుట యాచారమైనది. అది మంచి యాచారము కాదు. మార్పు కోరబడినచో ఆ మార్పును మాటలతో వ్రాసి, మరల చదివి, అప్పుడు చేతులెత్తింపవలయును. పనుల వరుసక్రమమునకు కూడ సమ్మతి పొందుడు; డబ్బు తగ్గినప్పుడు ఏది ముందు, ఏది వెనుక యను జగడము దానివలన తప్పును.

అన్నిటికంటె ముఖ్యమైనది కడపట చెప్పుచున్నాను. సభ విడిపోకముందే మినిట్సు వ్రాయించి, అక్కడనే బిగ్గరగా చదివించి, ఆ పిమ్మట సంతకములు, వ్రేలిముద్రలు వేయుడు. తెల్లకాగితముపై సంతకము చేయకుడు. “తరువాత వ్రాసికొందుము, ఇప్పుడు సంతకము చేయు”డను మాట యెవరు చెప్పినను, వారు ఎంత మంచివారైనను, వినయముతో నిరాకరింపుడు. సభలో జరిగినదానికిని పుస్తకములో నున్నదానికిని భేదము వచ్చునది ఆ ఖాళీపుటలోనే.

6. పంచాయతీ తీర్మానము

గ్రామసభ యామోదము పొందిన ప్రణాళికను పంచాయతీ పాలకవర్గము తన సమావేశమున తీర్మానము ద్వారా స్వీకరింపవలయును. ఆ తీర్మానము ఎట్లుండవలయునో నమూనా నిచ్చుచున్నాను:

“ఫలానా తేదీన జరిగిన గ్రామసభ యామోదించిన ఫలానా సంవత్సరపు గ్రామ ప్రణాళికను ఈ పంచాయతీ పరిశీలించి స్వీకరించుచున్నది. అనుబంధములోని పనులను గ్రామసభ నిర్ణయించిన వరుసలోనే చేపట్టుటకును, ఒకటవ పనికి ఫలానా పద్దునుండి ఇంత రూపాయలు కేటాయించుటకును, ఇతర శాఖల యధీనమున నున్న రెండవ పని విషయమై ఈ తీర్మానపు నకలును ఆ శాఖకు పంపుటకును, పనుల ప్రగతిని తదుపరి గ్రామసభకు తెలుపుటకును తీర్మానించడమైనది.”

ఇందు తేదీ, సంవత్సరము, పద్దు, మొత్తము, వరుస, బాధ్యత యను ఆరును ఉండవలయును. “ప్రణాళిక ఆమోదింపబడినది” అను రెండుపదముల తీర్మానము వినుటకు బాగుండును, పనికి రాదు.

తీర్మానపు నకలును సంపాదించి సంఘ కార్యాలయమున నుంచుడు. 2020 ఏప్రిల్ 24వ తేదీన ప్రారంభింపబడిన ఈ-గ్రామస్వరాజ్ అను కేంద్ర ప్రభుత్వపు కంప్యూటరు పద్ధతిలో పంచాయతీ ప్రణాళికలు నమోదగును. ఆ నమోదును ఎవరైనను చూడవచ్చును. చదువుకొన్న మీ పిల్లలచేత దానిని తెరిపించి, తీర్మానములోని పనులన్నియు, ఆ మొత్తములే, అక్కడ నున్నవో లేవో సరిచూడుడు. ఒక పని జారిపోయినచో వెంటనే సెక్రటరీకి వ్రాసి యిచ్చి, ముట్టినట్లు రశీదు పొందుడు. ఇతర శాఖలకు పంపిన ప్రతి కాగితమునకును ఇట్లే తేదీతో కూడిన రశీదు కావలయును. ఇంజనీరు అంచనా, సాంకేతిక మంజూరు వేరుగ జరుగవలసినవి. తీర్మానమైన మరునాడే పార చేతబట్టుటకు వీలుండదు.

7. సంఘము చేయదగినది, చేయరానిది

సహకార సంఘము పంచాయతీ కాదు. ప్రణాళికను ఆమోదించు నధికారము మనకు లేదు. దానిని కోరుటయు తగదు. కాని లెక్కలు వ్రాయుట, మినిట్సు చదువుట, సర్వసభ్య సమావేశమున ప్రశ్న యడుగుట మన సభ్యులకు అలవాటైన విద్యలు. ఆ విద్యలను గ్రామసభకు తోడ్కొనిపోవుటయే మనము చేయదగిన సహాయము. ఆమోదింపబడిన పనులను గోడపై పెద్దయక్షరములతో వ్రాయించి, ప్రతి మూడు నెలలకు ఏది మొదలాయెను, ఏది ముగిసెను, ఏది నిలిచెను అని గుర్తుపెట్టుట కూడ మనకు తగిన పనియే.

పిమ్మట జరిగినది

రెండవ సంవత్సరమున మా ప్రణాళిక తీర్మానమయ్యెను. హరిజనవాడకు పైపు వచ్చెను. కాలువ పనికి సంబంధించిన శాఖ వచ్చి కొలిచి, పని చేపట్టెను. అంతయు నెరవేరెనని చెప్పజాలను. సమ్మతింపని యాతని భూమి ప్రక్క కొంతదూరము నేటికిని ఇరుకుగానే యున్నది. ఆ విషయము సర్వేయరు చేతిలో నున్నది. అయినను ఆ వానకాలమున చెరువు సగము నిండెను. చివరి భూములకు ఒక తడి అందెను. ఆ ముసలితల్లి జొన్న వెన్ను పట్టెను. ఆమె గ్రామసభ పుస్తకమున తాను వేసిన వ్రేలిముద్రను నాకు చూపి, “ఇది నాది నాయనా” అనెను.

సోదరులారా, గ్రామమును గూర్చి మంచి కోరికలు మనకు కొరవ కాలేదు. కోరికను కొలిచి వ్రాయుట, వ్రాసినదానిని చదివి వినిపించుట, వినిపించినదానిని తీర్మానముగా నిలుపుట, ఈ మూడింటి యందు ఓపిక కావలయును. రెండు నెలలు ఇంటింటికి తిరిగిన శ్రమ ఒక్క సాయంకాలపు నిర్లక్ష్యముచేత వ్యర్థము కాకుండ చూచుకొందము.

చర్చాసమావేశములలో అడుగదగిన ప్రశ్నలు

1. మన ఊరి ప్రస్తుత ప్రణాళికలోని మొదటి మూడు పనులేవి? వానిని తీర్మానించిన గ్రామసభకు మనలో నెందరు హాజరైరి?

2. మన చెరువు, దానికి నీరు తెచ్చు కాలువ ఏ శాఖ యధీనమున నున్నవి? ఆ కాలువ పొడవు, వెడల్పు ఎవరైనను కొలిచిరా?

3. మన చెరువుకు నీరిచ్చు భూమి ఎన్ని యెకరములు? పైన చూపిన రీతిని, ఒక్క గట్టివాన ఆయకట్టుకు ఎన్ని సెంటీమీటర్ల నీరు ఈయగలదో లెక్కకట్టుడు.

4. ఈ సంవత్సరము పంచాయతీకి రాదగిన సొమ్ములో షరతులు గలదెంత, లేనిదెంత?

5. రాబోవు గ్రామసభ తేదీ ఏ పంటపనితో తగులుకొనును? వేళ మార్పు కోరుచు అర్జీ వ్రాయు పూచీ యెవరిది?

6. సభ ముగియకముందే మినిట్సు చదివి వినిపింపుమని అడుగుటకు మనలో నెవరు లేచి నిలుతురు?

— ఒక వ్యవసాయ ప్రదర్శకుడు